తడిగడ్డి మీద దారులు

నేను గ్రూప్ ఫోటోల వాణ్ని. బడి పిల్లలనీ, పదవీ విరమణ చేసే గుమాస్తాలనీ, పోటీల్లో గెలిచిన జట్లనీ వరసల్లో నిలబెట్టి, ఒక్క మొహం కూడా దాక్కోకుండా తీయడం నా పని. పొడుగువాళ్లు వెనక, పొట్టివాళ్లు ముందు, పెద్దవాళ్లు కుర్చీల్లో. "గడ్డం ఎత్తండి, ఊపిరి బిగబట్టకండి" అని అరిచి అరిచి నా గొంతు ఏనాడో బొంగురుపోయింది. ఈ ఊళ్లో ఎప్పుడో ఒకప్పుడు నా కెమెరా ముందు నిలబడని మనిషి దాదాపు లేడు. నేను వీధిలో వెళ్తుంటే ఎదురొచ్చేవాళ్లు తమకు తెలియకుండానే గడ్డం ఎత్తుతారు. మా ఆవిడకి అదొక పెద్ద వినోదం.

అలాంటి నాకు పార్కు ఫోటోలు తీయాల్సిన అవసరం వచ్చింది. అదీ మా అక్క వల్ల.

అక్క లెక్కల టీచరుగా చేసింది. కోపం ముక్కు మీదే ఉంటుంది. చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, ఉద్యోగం మానేశాక పూర్తిగా పోయింది. బావ అప్పటికే లేడు. మా ఇంట్లో వీధివైపు గది తనది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది, బయట నా మోచెయ్యి పట్టుకుని నడుస్తుంది. మోచెయ్యి పట్టుకున్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంటుంది.

"నెమ్మదిగా నడవరా. నన్నేమన్నా వేలం పాటకి తీసుకెళ్తున్నావా?"

ఒక్క పార్కు పచ్చిక మీద మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోదు. గేటు దాటగానే పెద్ద పచ్చిక, దానికి ఆ చివర చెట్టు కింద పేపరు గుంపు. వాళ్లలో ఒకావిడ వార్తలు గట్టిగా చదువుతుంది, మిగతావాళ్లు ఒక్కో వార్తకీ పోట్లాడుకుంటారు. ఆ గొంతులు విని, వాటివైపు మొహం తిప్పి, గడ్డి మీద ఒంటరిగా నడుచుకుంటూ వెళ్లి వాళ్లలో కూర్చుంటుంది అక్క. అంతే, ఆ తర్వాత పోట్లాట రెట్టింపవుతుంది.

ఒకసారి పక్కనున్న సిమెంటు బాట మీద నడవబోతే పరిగెత్తేవాడెవడో తగిలి కిందపడింది. మణికట్టు విరిగింది. అప్పట్నుంచి బాట జోలికి పోదు. గడ్డి మీద పడ్డా దెబ్బ తగలదు, తగలడానికి అడ్డమూ ఏదీ ఉండదు అంటుంది. రోజూ పొద్దున్నే నేను స్కూటరు మీద గేటు దగ్గర దింపాలి, అక్కణ్నుంచే వెనక్కి పోవాలి.

"లోపలికి వచ్చావంటే ఊరుకోను. నాకు తెలిసిపోతుంది" అని మొదటిరోజే హెచ్చరించింది. నేను నోరుమూసుకుని స్టూడియోకి పోయేవాణ్ని. రోజు మొత్తంలో అక్క తలెత్తుకుని ఉండే సమయం అదొక్కటే అని నాకు తెలుసు.

అలాంటి పచ్చిక చుట్టూ కంచె వేస్తారన్న మాట నా చెవిన పడింది. మధ్యలో పూలమళ్లు, చుట్టూ నున్నటి బాట, గడ్డి మీద కాలు పెట్టకుండా ఇనుప కంచె. పడుతూ లేస్తూ పార్కుల ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నన్ను చూడగానే గడ్డం ఎత్తింది.

"సార్, మీరు తీసిన బడి ఫోటోలో నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో దాని మీద వేళాకోళమే" అంది.

మంచి మనిషే. నా గోడు ఓపిగ్గా విన్నది. "నేను రెండు మూడు సార్లు వెళ్లి చూశాను సార్. ఎప్పుడు చూసినా ఆ మధ్యలో పురుగు లేదు. ఖాళీగా ఉన్నదాన్ని కాస్త అందంగా చేద్దామనుకున్నాం. నలుగురూ కలుసుకునే చోటు అదేనని మీరంటున్నారు. చూపించండి. ఫోటోలు తెండి, వచ్చే వారం కమిటీ ముందు పెడతాను."

ఎండ మాడ్చేసే వేళకి వెళ్లి చూస్తే పురుగేం కనబడుతుంది! ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసి, ఫోటోలేగా, నాకదెంత పని అనుకుంటూ బయటికొచ్చాను.

పొద్దున అక్క ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్లాను. ఇంచుమించు ఆ జనమే సాయంత్రమూ వస్తారు. కెమెరా స్టాండు విప్పానో లేదో, మీసాలాయన చూశాడు. రిటైరైన హవల్దారు, మీసాలు తప్ప మిగతాదంతా మెత్తన. "ఫోటోల సారు వచ్చారు!" అని కేకేశాడు. అంతే. క్యారమ్స్ గుంపు బల్ల వదిలేసి వచ్చింది. పరుగులమ్మాయి పరుగు ఆపి జుట్టు సర్దుకుంది. తోటమాలి గొట్టం పక్కన పడేసి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. నేను నోరు తెరవకముందే పొడుగువాళ్లు వెనక్కీ పొట్టివాళ్లు ముందుకీ సర్దుకున్నారు, పేపరు గుంపు వాళ్లు కుర్చీలు తెచ్చుకుని మధ్యలో కూర్చున్నారు. అందరూ ఒకేసారి గడ్డం ఎత్తారు.

"వరసలొద్దు. మామూలుగా ఉండండి" అన్నాను.

"మామూలుగానే ఉన్నాం సార్" అన్నాడు మీసాలాయన, పెదవి కదపకుండా.

మర్నాడు పొద చాటున దాక్కుని తీయబోయాను. "ఎవడ్రా అక్కడ?" అంటూ పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టుగా మీసాలాయన నా కాలరు పట్టుకుని బయటికి లాగాడు. నేనని తెలిసి నాలుక కరచుకుని, పశ్చాత్తాపంతో ఇంకా ఎక్కువమందిని పిలుచుకొచ్చి వరసలో నిలబెట్టాడు. తల ప్రాణం తోకకొచ్చింది. జనాన్ని నిలబెట్టడం ఇన్నేళ్లూ నేర్పాను, ఇప్పుడు విడదీయడం నాకు చేతకాలేదు.

ఇంజినీరు ఆ ఫోటోలు చూసి నవ్వాపుకోలేకపోయింది. "పిలిపించి నిలబెట్టారంటారు సార్. ఇందులో పార్కు ఏది? గడ్డి అందరి వెనకా దాక్కుంది."

కమిటీకి రెండ్రోజులే ఉంది. అక్కకి కంచె సంగతి అప్పటికే తెలిసిపోయింది. పేపరు గుంపుకి తెలియనిదేముంటుంది! కానీ ఆ మాట నా దగ్గర ఎత్తలేదు. గదిలోంచి వంటింటిదాకా గోడ తడుముకుంటూ అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. నడక అలవాటు చేసుకుంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది. కంచె వచ్చాక తనకి మిగిలేది ఆ గోడే.

పార్కుని ఆనుకుని నీళ్ల ట్యాంకు ఉంది. దానిమీదికెక్కితే నేనెవరికీ కనబడను, ఎవరూ వరస కట్టరు. ట్యాంకు ఆపరేటరుని కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. తన రిటైర్మెంటు ఫోటోలో మధ్య కుర్చీ తనకే ఇవ్వాలని మాట తీసుకున్నాడు. అక్కతో ఏదో బడి ఆటల పోటీలున్నాయని చెప్పి, ఆమెను గేటు దగ్గర దింపే పని మా ఆవిడకి ఒప్పజెప్పి, తెల్లవారకముందే నిచ్చెన ఎక్కాను.

వెలుతురు వచ్చింది. కిందికి చూశాను.

రాత్రంతా మంచు పడినట్టుంది. పచ్చికంతా ఆ మంచు బిందువులతో తెల్లగా, ఎవరూ ముట్టుకోని కొత్త దుప్పటిలా పరుచుకుని ఉంది. నేను రోజూ గేటు దగ్గరదాకా వచ్చిపోయే చోటే అది. అదంత పెద్దదని గానీ, అంత నిశ్శబ్దంగా ఉంటుందని గానీ నాకు తెలియదు.

ముందు తోటమాలి వచ్చాడు. ఆయన నడిచినంత మేరా మంచు చెదిరి వెనకాల ఒక ముదురాకుపచ్చ గీత పడింది. ఆ తర్వాత పరుగులమ్మాయి. ఆమె గీత బాట నుంచి విడిపోయి పచ్చికని అడ్డంగా కోసుకుంటూ, ఒంటరిగా బెంచీ మీద కూర్చున్న ముసలాయన దాకా వెళ్లింది, అక్కడ కాస్త ఆగి మళ్లీ బాటకెక్కింది. రోజూ ఆయన్ని పలకరించి గానీ పరుగు మొదలుపెట్టదన్నమాట. క్యారమ్స్ వాళ్లు నాలుగు మూలల నుంచి నాలుగు గీతలుగా వచ్చి ఒక్కచోట కలిశారు. నవ్వుల క్లబ్బు వాళ్లు గుండ్రంగా నిలబడితే మంచులో పచ్చటి వలయం పడింది. బంతాట ఆడే పిల్లలు ఒక మూలంతా గజిబిజి చేసి పారేశారు. ఎవరెవరు ఎవరికోసం దారి మళ్లారో, ఎక్కడ నిలబడి కబుర్లాడారో, ఎవర్ని చూసి వెనక్కి తిరిగొచ్చారో అంతా నా కళ్లముందు గీసినట్టుగా పడుతోంది. కెమెరా చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయి నోరెళ్లబెట్టి చూస్తుండిపోయాను.

అప్పుడు గేటు దగ్గర స్కూటరు ఆగింది. అక్క దిగింది. మా ఆవిడ వెళ్లిపోయింది. అక్క గడ్డి అంచున నిలబడి, తల కాస్త వంచి పేపరు గుంపు గొంతుల కోసం విన్నది. ఆ తర్వాత తలెత్తి నడక మొదలుపెట్టింది.

అదే సమయానికి గేటు దగ్గరి బెంచీ మీద మీసాలాయన వంగి బూట్లు విప్పుతున్నాడు. ఈ చలిలో ఇదేం పని అనుకున్నాను. బూట్లు పక్కన పెట్టి, వట్టికాళ్లతో లేచి, పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ అక్క వెనక చేరాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో, కానీ చెయ్యి చాచకుండా నడుస్తున్నాడు. అక్క కొంచెం ఎడమకి ఒరిగింది. అటువైపు క్యారమ్స్ బల్ల. బల్ల దగ్గర్నుంచి ఒకడు లేచి, చెప్పులు విడిచి, అక్కకీ బల్లకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. మీసాలాయన అతనికి తలూపి వెనక్కి తిరిగాడు. అక్క పక్కకి ఒరిగినప్పుడల్లా అతనూ జరుగుతూ వెళ్లాడు. పరుగులమ్మాయి బూట్లు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చి దారిలో ఉన్న బంతి తీసింది. పిల్లలు ఆట ఆపి, వేలు నోటి మీద పెట్టుకుని నిలబడ్డారు. తోటమాలి నీళ్ల గొట్టాన్ని రెండు చేతులా ఎత్తి గుండెలకి హత్తుకుని, ఊపిరి బిగబట్టి, అక్క దాటేదాకా కదల్లేదు. పేపరు చదివే ఆవిడ కుర్చీలోంచి లేచి, అక్క వైపు తిరిగి, అవసరమైనదానికంటే గట్టిగా చదువుతోంది. గాలి అటు వీచినప్పుడల్లా ఇంకా గట్టిగా.

పేపరావిడ తప్ప ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అక్కని ముట్టుకోకుండా అందించుకుంటూ చెట్టు కిందికి చేర్చారు. అక్క దర్జాగా కుర్చీలో కూర్చుని వెంటనే ఏదో వార్త మీద పోట్లాట పెట్టుకుంది.

కళ్లలో నీళ్లు తిరిగి ఫోకస్ కనబడలేదు. సూర్యుడు ఇంకొంచెం పైకొస్తే మంచు ఆరిపోతుంది. కళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి తీశాను. ఊపిరి బిగబట్టొద్దని ఊరందరికీ చెప్పినవాణ్ని, నేనే బిగబట్టాను.

ఫోటో పడింది. మధ్యలో అక్క దారి, కాస్త వంకరగా, గేటు నుంచి చెట్టు దాకా. దాని పొడవునా అటూ ఇటూ నుంచి గీతలు వచ్చి పక్కనే కొంతదూరం నడిచి, వెనక్కి మళ్లిపోతున్నాయి. ఎవరూ నిలబెట్టకుండా మనుషులు ఇంత పొందికగా కుదురుతారని నేనెన్నడూ అనుకోలేదు.

అక్క ఇంటికి వెళ్లాక దిగొచ్చి మీసాలాయన్ని పట్టుకున్నాను. ఆయన దొంగతనంలో దొరికిపోయినవాడిలా మొహం పెట్టాడు.

"చేతికి కట్టు విప్పి మళ్లీ వచ్చిన రోజు నుంచీ అంతే సార్. ఒకసారి తోటమాలి మోచెయ్యి పట్టుకోబోతే టీచరమ్మ చీల్చి చెండాడేసింది. అప్పట్నుంచి ఎవరం ముట్టుకోం. చప్పుడైతే కనిపెట్టేస్తుందని చెప్పులు కూడా విప్పేస్తాం. ఎవరూ అనుకుని మొదలుపెట్టింది కాదు, అలా అయిపోయింది." కాస్త ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆవిడకి మాత్రం చెప్పకండి సార్. ఎంత తలెత్తుకుని నడుస్తుందో చూశారుగా. ఆ తల దించొద్దు."

చెప్పనని మాటిచ్చాను.

కమిటీ రోజున ఆ ఫోటోని బల్లంత పెద్దగా వేయించి పట్టుకెళ్లాను. అక్క కూడా బయల్దేరింది. వద్దంటే ఒంటికాలి మీద లేచింది. "నా గడ్డి గురించి నేను లేకుండా మాట్లాడుకుంటారా?"

పొడవాటి గది, పొడవాటి బల్ల, గోడకి పార్కు ప్లాను. ఇంజినీరు, అధ్యక్షుడి కుర్చీలో పెద్దాయన ఒకరు, ఇంకొందరు సభ్యులు కూర్చున్నారు. మీసాలాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్క నా పక్క కుర్చీలో ఉంది. ఫోటో విప్పగానే అందరూ లేచి వంగారు.

"ఇది మన పార్కేనా?" అన్నాడు పెద్దాయన, నమ్మలేనట్టు.

మంచు సంగతి చెప్పాను. వలయాలు, కూడళ్లు, పిల్లల గజిబిజి, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. అందరి మొహాలూ విప్పారాయి. నా గుండె కుదుటపడుతుండగా ఒక సభ్యుడు గాలి తీసేశాడు.

"బాగుంది, కాదనను. కానీ ఇదంతా నడకే కదండీ. చుట్టూ మంచి బాట వేస్తే ఇదే నడక అక్కడ నడుస్తారు. కలుసుకోవడానికి బెంచీలు వేద్దాం. గడ్డే కావాలని ఎక్కడుంది ఇందులో?"

ఒకరిద్దరు తలూపారు. ఇంజినీరు మాత్రం ఇంకా ఫోటో మీదే వంగి ఉంది. "సార్, ఈ వంకర గీత ఏంటి? అన్ని గీతలూ దీని దగ్గరికొచ్చి, దీంతోపాటు కొంచెం నడిచి వెళ్లిపోతున్నాయి. ఇక్కడేమన్నా కుళాయి ఉందా?"

తలుపు దగ్గర మీసాలాయన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెబితే అక్క తల దిగిపోతుంది. చెప్పకపోతే అక్క నడవడానికి గోడ తప్ప ఇంకేమీ ఉండదు.

"అడుగుతుంటే చెప్పవేంరా?" అంది అక్క. "బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు?"

చెప్పేశాను. అక్క వైపు చూడకుండా, ఇంజినీరు వైపు చూస్తూ చెప్పాను. "అది మా అక్క నడిచే దారమ్మా. ఆవిడకి చూపు లేదు. చెయ్యి పట్టుకుంటే ఒప్పుకోదు. అందుకని పార్కులో వాళ్లంతా చెప్పులు విప్పేసి, మాట్లాడకుండా, ముట్టుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు పక్కన నడిచి చెట్టుదాకా చేరుస్తారు. ఇది ఒక్కరోజు సంగతి కాదు. నాకే మొన్నటిదాకా తెలియదు. సిమెంటు బాట మీద ఈ పని చేయలేరు. అక్కడ చప్పుడు వినబడుతుంది, అడ్డమొచ్చేవాళ్లుంటారు, పడితే ఎముక విరుగుతుంది. ఇది గడ్డి మీదే అవుతుంది."

అభ్యంతరం చెప్పిన సభ్యుడు ఫోటో మీదికి మళ్లీ వంగాడు. ఈసారి కళ్లజోడు పెట్టుకున్నాడు.

అక్క చెయ్యి బల్ల మీద తడుముకుంటూ ముందుకొచ్చింది. "ఏదీ, ఎక్కడ?"

వేలు పట్టుకుని గేటు దగ్గర పెట్టి, తన దారి వెంట జరిపాను. ఒక గీత కలిసినచోట ఆగాను.

"ఇక్కడెవరు?"

"మీసాలాయన."

"ఇక్కడ?"

"క్యారమ్స్ ఆడతాడే, సన్నటి అతను."

"ఇక్కడ?"

"తోటమాలి. నడవడు, గొట్టం ఎత్తి పట్టుకుని నిలబడతాడు."

చెట్టుదాకా అలా అడుగుతూనే ఉంది. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఇంజినీరు లేచి, గోడమీద ప్లానులో కంచె గీతని పెన్సిలుతో కొట్టేసింది. పెద్దాయన సరేనన్నట్టు చెయ్యెత్తాడు. ఎవరూ ఆయన్ని ఓటు అడగలేదు.

గడ్డి మిగిలింది. కానీ ఇంటికెళ్లే దారంతా అక్క నా మోచెయ్యి పట్టుకునే నడిచింది, ఒక్కసారి కూడా తిట్టలేదు. అన్నం దగ్గరా మాట్లాడలేదు. మా ఆవిడ "వదినా, ఏమైంది?" అంటే "ఏం లేదు" అని గదిలోకి వెళ్లిపోయింది. గెలిచి అక్కని ఓడగొట్టానేమో అనిపించి నాకు కన్ను మూత పడలేదు.

మర్నాడు బయల్దేరదనుకున్నాను. రోజూ కంటే ఆలస్యంగా గదిలోంచి వచ్చి "బండి తీయి" అంది.

గేటు దగ్గర దింపాను. వెళ్లిపోవడానికి మనసొప్పలేదు, అక్కడే నిలబడ్డాను. పార్కులో అందరికీ కబురు తెలిసిపోయింది. ఎవరి ఆటా సాగడం లేదు. పేపరు చదివే ఆవిడ పేపరు తెరిచి పట్టుకుని కూడా చదవడం లేదు. మీసాలాయన బూట్లు విప్పాలో వద్దో తెలియక ఒకటి విప్పి ఒకటి ఉంచుకుని, చివరికి రెండోదీ విప్పేసి లేచాడు.

అక్క గడ్డి మీద కాలు పెట్టింది. వినడానికి గొంతులేమీ లేకపోయినా నడిచింది. మీసాలాయన వెనకే నడిచాడు. సగం దూరం వెళ్లాక అక్క ఆగింది. ఆయనా ఆగాడు.

"పక్కనెవరు?" అంది అక్క.

అందరూ నావైపు చూశారు, నేనేదో చేయగలిగినట్టు.

"ఇన్నాళ్లూ ఈ గడ్డి మీద ఒక్కదాన్నే నడిచి నడిచి నాకు విసుగెత్తిపోయింది" అంది అక్క. క్లాసు చివరి బెంచీదాకా వినబడే గొంతు అది. కానీ చివర్లో అది వణికింది. "అంతసేపూ పక్కనే ఉండి నోళ్లు కుట్టేసుకున్నారా? ఏదో ఒకటి మాట్లాడండర్రా."

మీసాలాయన రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారికి మాట వచ్చింది.

"మంచు... ఈవేళ మంచు బాగా పడిందండీ టీచరమ్మా."

"ఊఁ" అంది అక్క, మళ్లీ నడక మొదలుపెడుతూ. "ఇంకా?"